కార్డు నుంచి కాగితం మీదికి: సర్క్యూట్ బోర్డులు చదివే పద్ధతిని రాసిన అనుభవం

గుంటూరు, చిలకలూరిపేట చుట్టుపక్కల నూలు మిల్లుల్లో నడిచే యంత్రాల కంట్రోల్ కార్డులను (సర్క్యూట్ బోర్డులను) బాగుచేయడం నా వృత్తి. నా బెంచి మీదికి వచ్చే కార్డుల్లో చాలావాటికి సర్క్యూట్ డయాగ్రమ్ ఉండదు. తయారుచేసిన కంపెనీని అడిగితే ఇవ్వరు. మోడల్ పాతబడి ఉంటే, ఆ కార్డు ఇక రాదు కాబట్టి ప్యానెల్ మొత్తం మార్చుకోవలసిందే అంటారు. వాల్వు రేడియోల కాలంలో డయాగ్రమ్‌ను వెనక అట్టకు లోపలివైపు అంటించి అమ్మిన కంపెనీలు ఉండేవి. ఇప్పుడు ఐసీ (చిప్పు) మీది నంబరును గీకేసి పంపే కంపెనీలు ఉన్నాయి. ఈ పరిస్థితిలో కార్డును కళ్లతో చూసి, మీటరుతో ట్రాకులను (బోర్డు మీది రాగి దారులను) వెంబడించి, డయాగ్రమ్‌ను మనమే గీసుకోక తప్పదు. ఆ పని ఎలా చేయాలో, మా షాపులో పని నేర్చుకునే కుర్రవాళ్ల కోసం, తెలుగులో ఒక చిన్న పుస్తకంగా రాశాను. ఆ రాతలో ఎదురైన విషయాలను, చేసుకున్న నిర్ణయాలను ఇక్కడ చెబుతున్నాను.

మొదట తేల్చుకోవలసింది పుస్తకం ఎంతవరకు వెళ్లాలన్నది. రెండు పొరల బోర్డులు, అంటే పైన, కింద మాత్రమే ట్రాకులున్నవి, ఇందులోకి వస్తాయని నిర్ణయించుకున్నాను. మిల్లు కార్డుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఇవే. మైక్రోకంట్రోలర్ లోపలి ప్రోగ్రామ్ జోలికి వెళ్లకూడదని కూడా అప్పుడే అనుకున్నాను, ఎందుకంటే బోర్డు మీది ట్రాకులు ఎంత శ్రద్ధగా గీసినా చిప్పులోని ప్రోగ్రామ్ గురించి అవి ఏమీ చెప్పవు. అయితే బాగుచేసే పనికి అది పెద్ద లోటు కాదు. పోయేవి ఎక్కువగా సప్లై, రిలే డ్రైవర్లు (కరెంటుతో పనిచేసే స్విచ్చులైన రిలేలను నడిపే ఐసీలు), ఆప్టోలు (వెలుగు ద్వారా సిగ్నల్‌ను దాటించే పార్టులు), కనెక్టర్లు. చిప్పు చుట్టూ ఏముందో తెలిస్తే చాలావరకు పని జరిగిపోతుంది.

ఇలా గీయడం చట్టరీత్యా తప్పు కాదా అని అడిగేవారుంటారు కాబట్టి దాని మీద ఒక పేజీ రాశాను. మన దేశంలో 2000 సంవత్సరపు సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్ డిజైన్ చట్టం చిప్పు లోపలి అమరికను కాపాడుతుంది. అది కూడా విశ్లేషణకు, పరిశోధనకు, బోధనకు చోటు ఇస్తుంది. 1970 పేటెంట్ల చట్టంలోనూ ప్రయోగానికి, విద్యార్థులకు నేర్పడానికి మినహాయింపు ఉంది. కార్డును బాగుచేయడం కోసం డయాగ్రమ్ గీసుకోవడం వేరు, ఆ డయాగ్రమ్‌తో అదే కార్డును అచ్చు వేయించి వేరే పేరుతో అమ్ముకోవడం వేరు. రెండోదానికి ఈ పుస్తకం పనికిరాదని ఆ పేజీలోనే చెప్పాను. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో బాగుచేసుకునే హక్కు కోసం పోర్టల్ తెరిచి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అంటూ నాలుగు రంగాలను ముందుకు తెచ్చింది. మిల్లు యంత్రాలు వాటిలో లేవు. కాబట్టి మన డయాగ్రమ్‌లు మనమే గీసుకోవాలి.

రాయడం మొదలుపెట్టినప్పుడు సూత్రాల రూపంలో రాయాలా, ఒకే కార్డును ముందు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపించాలా అన్నది పెద్ద ప్రశ్న. సూత్రాలుగా రాస్తే ప్రతి వాక్యమూ నిజమే అవుతుంది, కానీ చదివినవాడి చేతికి ఏమీ తగలదు. “ట్రాకును జాగ్రత్తగా వెంబడించాలి” అని రాస్తే ఎవరికి ఏం తెలుస్తుంది? అందుకని ఒక రింగ్‌ఫ్రేమ్ (నూలు వడికే) యంత్రపు కార్డును ఎంచుకున్నాను. మెయిన్స్ నుంచి నడిచే సప్లై, దాన్ని నియంత్రించే యూసీ3842 ఐసీ, సెన్సర్ల నుంచి వచ్చే ఎనిమిది ఇన్‌పుట్లు, ఒక్కోదానికి ఒక పీసీ817 ఆప్టో, ఒక ఎల్ఎం358 ఆంప్లిఫయర్ ఐసీ, రిలేలను నడిపే యూఎల్ఎన్2003, మధ్యలో ఒక మైక్రోకంట్రోలర్. కొంత భాగం పాతరకం కాళ్ల పార్టులతో, కొంత ఎస్ఎండీతో (రంధ్రాలు లేకుండా బోర్డు మీదే టంకం వేసే చిన్న పార్టులతో) ఉండడం వల్ల రెండు రకాల ఇబ్బందులూ ఒకే కార్డులో కనబడతాయి. తయారీదారు పేరు ఫొటోల్లో కనబడకుండా చెరిపేశాను.

మీటరు తీయకముందే జాగ్రత్తల గురించి రాయవలసి వచ్చింది. మన 230 వోల్టుల మెయిన్స్, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి దాటాక పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా డీసీ నిలుస్తుంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా అది కొంతసేపు అలాగే ఉండగలదు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి చిటపటలాడించే అలవాటు మన షాపుల్లో ఉంది. అది కెపాసిటర్‌కూ, ట్రాకుకూ, కళ్లకూ మంచిది కాదు. రెండు కిలో ఓముల పది వాట్ల రెసిస్టర్‌కు రెండు ఇన్సులేషన్ వైర్లు టంకం వేసి, దానితో డిశ్చార్జి చేసి, తర్వాత డీసీ రేంజిలో కొలిచి చూసుకోమని రాశాను. కంటిన్యుటీ (రెండు చోట్లు కలిసి ఉన్నాయా లేదా అన్నది) చూస్తున్నంతసేపూ కార్డుకు ఎలాంటి కరెంటూ ఉండకూడదు, బ్యాకప్ బ్యాటరీ ఉంటే అది కూడా తీసేయాలి. ఈ అధ్యాయం చిన్నదే, కానీ దాన్ని చివరి అనుబంధంలోకి నెట్టకుండా మొదట్లోనే ఉంచాను.

తర్వాతి పని కార్డును బొమ్మగా మార్చడం. ఫోను కెమెరాతో తీసిన ఫొటో అంచుల దగ్గర వంగుతుంది. రెండు వైపుల ఫొటోలను ఒకదాని మీద ఒకటి పెడితే రంధ్రాలు కలవవు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ వంకర లేని బొమ్మ ఇస్తుంది. అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే డిప్ ఐసీ (రెండు వరుసల కాళ్లున్న పాతరకం ఐసీ) పక్కపక్క కాళ్ల మధ్య దూరం, అంటే 2.54 మిల్లీమీటర్లు, సరిగ్గా 60 పిక్సెళ్లు అవుతుంది. సన్నని ట్రాకు చూడడానికి అది సరిపోతుంది. కాకపోతే ఈ రోజుల్లో దొరికే పలుచని స్కానర్లు అద్దానికి ఆనుకున్నదాన్ని మాత్రమే స్పష్టంగా చూపుతాయి, కాస్త ఎత్తులో ఉన్నదంతా మసకబారుతుంది. టంకం వైపుకు అవి బాగానే పనిచేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్, రిలేలు నిలబడి ఉన్న పై వైపుకు పాత మందపాటి సీసీడీ స్కానర్ మేలు. అది లేకపోతే కార్డును నేల మీద పెట్టి, ఫోనును రెండు మూడు అడుగుల ఎత్తున స్టాండుకు బిగించి, జూమ్ చేసి తీయాలి. దూరం పెరిగేకొద్దీ వంకర తగ్గుతుంది.

కింది వైపు బొమ్మను అద్దంలో చూసినట్టు ఎడమ కుడులు తిప్పి, జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పై వైపు బొమ్మ మీద రెండో పొరగా పెట్టి, సగం పారదర్శకంగా చేసి, నాలుగు మూలల రంధ్రాలను కలిపితే కార్డు గాజుతో చేసినట్టు కనబడుతుంది. కుర్రవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పై నుంచి చూస్తే ఐసీ కాళ్ల లెక్క గడియారం ముళ్లకు ఎదురు దిశలో సాగుతుంది. టంకం వైపు నుంచి చూస్తే ముళ్ల దిశలోనే సాగుతుంది. మాటల్లో ఎంత చెప్పినా ఇది తలకెక్కదని గ్రహించి, ఒకే ఎనిమిది కాళ్ల ఐసీని రెండు వైపుల నుంచీ గీసిన బొమ్మను ఒక పేజీ నిండా వేశాను. దాన్ని జెరాక్స్ తీయించి బెంచి ముందు గోడకు అంటించుకోమన్నాను.

పార్టులన్నీ ఊడదీసి, బోర్డును ఉప్పుకాగితంతో రుద్ది, ఖాళీ ట్రాకులను స్కాన్ చేసే పద్ధతి కూడా ఒకటుంది. బొమ్మ చక్కగా వస్తుంది, కానీ కార్డు పోతుంది. మా దగ్గరికి వచ్చే కార్డు మళ్లీ మిల్లుకు వెళ్లి నడవాలి కాబట్టి ఆ పద్ధతిని ఒక్క పేరాలో చెప్పి వదిలేశాను. ట్రాకును పూర్తిగా కప్పేసే రిలే, ట్రాన్స్‌ఫార్మర్ లాంటివి ఒకటి రెండు ఉంటే వాటిని మాత్రం ఊడదీసి, ఫొటో తీసి, తిరిగి పెట్టవచ్చు.

పార్టుల జాబితా అధ్యాయం నేననుకున్న దానికి రెట్టింపు పెరిగింది. ఎస్ఎండీ రెసిస్టర్ మీద 103 అంటే 10 కిలో ఓములు, 4ఆర్7 అంటే 4.7 ఓములు అని అందరికీ తెలుసు. 01సీ అని ఉంటే చాలామంది ఆగిపోతారు. ఒక శాతం రెసిస్టర్లకు వాడే ఈ పద్ధతిలో 01 అంటే 100, సీ అంటే వందతో గుణించడం, కాబట్టి అది కూడా 10 కిలో ఓములే. మూడు కాళ్ల చిన్న ఎస్ఎండీల మీది రెండు మూడు అక్షరాల గుర్తులు మరీ చిక్కు పెడతాయి, ఎందుకంటే ఒకే గుర్తును వేర్వేరు కంపెనీలు వేర్వేరు పార్టులకు వాడతాయి. అందుకని గుర్తును చూసి పేరు పెట్టవద్దని, గుర్తు రాసుకుని, మీటరు డయోడ్ రేంజిలో మూడు కాళ్ల మధ్య ఆరు విధాలా కొలిచి, అది మామూలు ట్రాన్సిస్టరో, మాస్ఫెట్ అనే మరో రకం ట్రాన్సిస్టరో, జంట డయోడో తేల్చుకున్నాకే రాయమని చెప్పాను. వోల్టేజిని అదుపులో ఉంచే టీఎల్431 ఐసీ చూడడానికి మామూలు ట్రాన్సిస్టర్‌లాగే ఉంటుంది, గాజు జెనర్ డయోడ్ చూడడానికి మామూలు డయోడ్ 1ఎన్4148 లాగే ఉంటుంది. రూపాన్ని నమ్మకూడదనడానికి ఈ రెండూ చాలు.

నంబరు గీకేసిన ఐసీ ఎదురైతే ముందు సప్లై, గ్రౌండ్ (సున్నా వోల్టుల లైను) ఏ కాళ్లకు వచ్చాయో చూడమన్నాను. పద్నాలుగు కాళ్ల ఐసీలో 7వ కాలు గ్రౌండ్, 14వ కాలు సప్లై అయితే 74 వరుస లాజిక్ ఐసీ కావచ్చు. 4వ కాలు సప్లై, 11వ కాలు గ్రౌండ్ అయితే ఎల్ఎం324 లాంటి నాలుగు ఆంప్లిఫయర్ల ఐసీని అనుమానించాలి. పదహారు కాళ్లలో 8వది గ్రౌండ్, 9వది రిలేల సప్లైకి, 10 నుంచి 16 వరకు కాళ్లు రిలే కాయిల్స్‌కు వెళుతుంటే దాని పేరు యూఎల్ఎన్2003 అని గీకిన కంపెనీ కూడా దాచలేదు. చిన్న ఎస్ఎండీ సిరామిక్ కెపాసిటర్ల మీద ఏ గుర్తూ ఉండదు; ఒక కాలు లేపి కొలిస్తే తప్ప విలువ తేలదు. ఐసీ సప్లై కాలికి ఆనుకుని ఉన్నది 0.1 మైక్రోఫారడ్ అయి ఉంటుందని పెన్సిలుతో రాసుకోవచ్చు, పెన్నుతో మాత్రం రాయకూడదు.

ఈ పెన్ను, పెన్సిలు వ్యవహారం పుస్తకానికి వెన్నెముక. కార్డు గురించి మనకు తెలిసినవి మూడు రకాలు: కంటితో చూసినవి, మీటరుతో తేలినవి, ఇలా ఉండాలని ఊహించినవి. అనుభవం పెరిగేకొద్దీ మూడోది ఎంత సహజంగా వస్తుందంటే, అది ఊహ అన్న సంగతే మరిచిపోతాం. అందుకే చూసినదాన్ని నీలం పెన్నుతో, కొలిచినదాన్ని నల్ల పెన్నుతో, ఊహించినదాన్ని పెన్సిలుతో రాయాలని నియమం పెట్టాను. డయాగ్రమ్ పూర్తయిన రోజున అందులో పెన్సిలు గీతలు మిగిలి ఉండవచ్చు, అందులో తప్పేమీ లేదు. అవి పెన్సిలు గీతలని కాగితం చూసినవాడికి తెలియాలి, అంతే.

కంటిన్యుటీ అధ్యాయాన్ని ఎన్నిసార్లు తిరగరాసినా తృప్తి కలగలేదు, ఎందుకంటే అందరూ తమకు వచ్చనుకునే పని అది. ప్రోబులు పెడితే మీటరు మోగుతుంది, మోగితే కలిసినట్టే అని అనుకుంటారు. చాలా మీటర్లు 30 నుంచి 50 ఓముల లోపు ఏది అడ్డున్నా మోగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట రెండు కొసలూ మోగుతాయి, ఫ్యూజు మోగుతుంది, చిన్న కాయిల్ మోగుతుంది. మా కార్డు సప్లైలో మాస్ఫెట్ సోర్సు కాలికీ గ్రౌండ్‌కూ మధ్య అర ఓము రెసిస్టర్ ఉంది. కరెంటు ఎంత పోతోందో యూసీ3842 తన 3వ కాలితో చూసుకునేది దాని మీదనే. మోతను నమ్మి సోర్సును నేరుగా గ్రౌండ్‌లో కలిపేస్తే డయాగ్రమ్‌లో ఆ రెసిస్టర్ షార్టయిపోయినట్టు కనబడుతుంది, ఐసీ కరెంటును ఎక్కడ చూస్తోందో ఎవరికీ అర్థం కాదు. కాబట్టి మోగిన ప్రతిచోటా 200 ఓముల రేంజిలో మళ్లీ కొలవాలి, ప్రోబులను ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే 0.2, 0.3 ఓములను అందులోంచి తీసేయాలి, మధ్యలో ట్రాకు తప్ప మరేదీ లేదని కంటితో చూసుకోవాలి. అప్పుడే నల్ల పెన్ను తీయాలి.

పని వరుస కూడా ముఖ్యం. ముందు గ్రౌండ్‌ను, తర్వాత సప్లై లైన్లను పూర్తి చేయాలి, ఎందుకంటే బోర్డు మీది కాళ్లలో పెద్ద వాటా వాటిదే. అవి తేలిపోతే మిగిలిన చిక్కు బాగా తగ్గుతుంది. సప్లై ఉన్న కార్డులో గ్రౌండ్‌లు రెండు ఉంటాయి: మెయిన్స్ వైపు వేడి గ్రౌండ్, ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు చల్లని గ్రౌండ్. వీటిని జీ1, జీ2 అని వేరు పేర్లతో మొదటి నిమిషం నుంచే రాయాలి. ఆప్టో కింద, ట్రాన్స్‌ఫార్మర్ కింద ట్రాకులు లేని వెడల్పాటి ఖాళీ కనబడుతుంది. ఆ రెండు రాజ్యాల సరిహద్దు అదే, దాన్ని బొమ్మ మీద ఎర్ర గీతతో గుర్తించమన్నాను.

ట్రాకు ఎక్కడికి పోయిందో కనబడనప్పుడు ఒక్కో కాలూ తాకుతూ పోతే రోజంతా సరిపోదు. సన్నని రాగి తీగలను కుచ్చుగా కట్టి ఒక ప్రోబుకు తగిలించి, రెండో ప్రోబును మనం చూస్తున్న పార్టు కాలు మీద ఉంచి, కుచ్చుతో బోర్డును తుడుచుకుంటూ వెళితే మోగిన చోటు ఏ మూలో తెలుస్తుంది. ఆ తర్వాత సూదితో వెతకవచ్చు. సూది అన్నది నిజంగానే కుట్టు సూది. మిల్లు కార్డుల మీద దూది, తేమ తగలకుండా వార్నిష్ లాంటి పూత ఉంటుంది, మామూలు ప్రోబు దాని మీద జారుతుంది. ప్రోబు కొసకు సన్నని కుట్టు సూదిని రాగి తీగతో బిగించి చుట్టి టంకం వేస్తే అది పూతను గుచ్చుకుని లోపలికి దిగుతుంది. గుచ్చిన చోట తర్వాత చుక్క వార్నిష్ వేయాలి.

రాసుకునే పద్ధతిని జమాఖర్చు పుస్తకంలా పెట్టాను. ప్రతి పార్టుకూ ఒక వరుస, ప్రతి కాలికీ ఒక గడి. ఆ కాలు ఏ లైనులో (ఒకదానితో ఒకటి కలిసి ఉన్న కాళ్ల గుంపులో) ఉందో ఆ గడిలో రాయాలి. వేరే పేజీలో లైన్ల జాబితా: ఒక్కో లైనులో ఏయే కాళ్లున్నాయో అక్కడ రాయాలి. ఒకే సమాచారం రెండు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకచోట జారిపోయింది రెండోచోట దొరుకుతుంది. పేరు తెలియని లైనుకు అందులోని మొదటి కాలి పేరే పెట్టాలి. పని తెలిశాక పేరు మార్చుకోవచ్చు. ఏ లైనూ లేని కాలికి గడి ఖాళీగా వదలకుండా, చూసి కొలిచాకే ‘ఖాళీ’ అని రాయాలి. ఒకే కాలున్న లైను కనబడితే ఎక్కడో ట్రాకు తప్పిపోయినట్టే లెక్క. గడులన్నీ నిండేదాకా డయాగ్రమ్ గీయడం మొదలుపెట్టవద్దని గట్టిగా రాశాను.

ఎనిమిది ఇన్‌పుట్లూ ఒకేలా ఉన్నాయి కదా, ఒకటి కొలిచి ఏడింటికి అదే రాస్తే పోదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మొదటి ఇన్‌పుట్‌ను పూర్తిగా కొలవాలి: 24 వోల్టుల సెన్సర్ వైరు నుంచి 2.2 కిలో ఓముల రెసిస్టర్, అక్కడి నుంచి ఆప్టో 1వ కాలు. 2వ కాలు సెన్సర్ గ్రౌండ్‌కు. 4వ కాలు 10 కిలో ఓముల రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకు, అదే చోటి నుంచి మైక్రోకంట్రోలర్‌కు. 3వ కాలు గ్రౌండ్‌కు. మిగతా ఏడింటిలో వెతకవలసింది తేడాల కోసం. మా కార్డులో ఎనిమిదో ఇన్‌పుట్ మైక్రోకంట్రోలర్‌కు మాత్రమే కాకుండా ఒక ట్రాన్సిస్టర్ ద్వారా యూఎల్ఎన్2003 మొదటి ఇన్‌పుట్‌కు కూడా వెళుతుంది. అది తలుపు స్విచ్చు. ప్రోగ్రామ్ ఆగిపోయినా తలుపు తెరిస్తే మెయిన్ రిలే పడిపోవాలని డిజైన్ చేసినవాడు పెట్టిన ఏర్పాటు. కార్డు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన లైను అదే, ‘మిగతావాటిలాగే’ అని రాసినవాడికి అది కనబడదు.

జాబితా నుంచి డయాగ్రమ్‌కు వచ్చే మెట్టు గురించే ఎక్కువ రాయాలని నాకు మొదటి నుంచీ ఉంది. ఫొటోలు తీయడం, కొలవడం ఎవరైనా ఓపికతో నేర్చుకుంటారు. కొలిచినదాన్ని చదవదగిన డయాగ్రమ్‌గా మార్చడం దగ్గరే చాలామంది వదిలేస్తారు. మొదటి బొమ్మ ఎప్పుడూ బోర్డులాగే ఉంటుంది. పార్టులు బోర్డు మీద ఏ మూల ఉన్నాయో కాగితం మీదా అక్కడే ఉంటాయి, గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. దాన్ని చింపేయకూడదు, దాని మీద పని చేయాలి. ఎక్కువ వోల్టేజి పైన, గ్రౌండ్ కింద, సిగ్నల్ ఎడమ నుంచి కుడికి అనే మూడు నియమాలతో దాన్ని మళ్లీ గీస్తే, అప్పటిదాకా విడివిడిగా ఉన్న పార్టులు గుంపులుగా చేరడం మొదలవుతుంది. సప్లై, గ్రౌండ్ గీతలను బొమ్మ పొడవునా లాగకుండా చిన్న గుర్తులుగా పెడితే సగం అడ్డదిడ్డం పోతుంది.

ఉదాహరణగా సప్లై భాగాన్ని పూర్తిగా చూపించాను. మొదటి బొమ్మలో యూసీ3842 చుట్టూ పార్టులు ఇష్టం వచ్చినట్టు ఉన్నాయి. ఐసీ వివరాలు చెప్పే డేటాషీటు తెరిచి ఒక్కో కాలినీ అడిగితే అవి వాటంతట అవే చోటు వెతుక్కుంటాయి. 8వ కాలు 5 వోల్టుల రిఫరెన్సు, అక్కడి నుంచి 4వ కాలికి 10 కిలో ఓములు, 4వ కాలి నుంచి గ్రౌండ్‌కు 222 అని రాసి ఉన్న (2200 పికోఫారడ్) కెపాసిటర్, 1.72ను ఆ రెండిటి లబ్ధంతో భాగిస్తే సుమారు 78 కిలోహెర్ట్జ్ వస్తుంది, అలాంటి సప్లైకి అది సరైన వేగమే. 325 వోల్టుల లైను నుంచి పెద్ద విలువ రెసిస్టర్ ఒకటి 7వ కాలికి వస్తుంది. ఐసీని మేల్కొలిపేది అదే. 7వ కాలు మీద సుమారు 16 వోల్టులు చేరేదాకా ఐసీ కదలదు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌లోని చిన్న చుట్ట దాన్ని పోషిస్తుంది. 6వ కాలు మాస్ఫెట్ గేటుకు. అవతలి ఒడ్డున 12 వోల్టుల లైను మీద 18 కిలో ఓములు, 4.7 కిలో ఓముల రెసిస్టర్ల జంట, వాటి మధ్య బిందువు టీఎల్431 రిఫరెన్సు కాలికి. టీఎల్431 ఆ కాలు మీద 2.5 వోల్టులు ఉండేలా చూస్తుంది కాబట్టి, 2.5ను 1 ప్లస్ 18 బై 4.7తో గుణిస్తే 12 వోల్టులు దాటీ దాటనట్టు వస్తుంది. బోర్డు మీది రిలేల మీద రాసి ఉన్నదీ 12 వోల్టులే. కాగితం మీద లెక్క, బోర్డు మీద అచ్చు కలిసినప్పుడు, ఆ భాగం సరిగ్గా గీశామని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

రాత పూర్తయ్యాక ఐటీఐ చదివి కొత్తగా చేరిన ఒక కుర్రవాడికి పుస్తకం, కార్డు, మీటరు ఇచ్చి, నేను పక్కనే కూర్చుని నోరు మెదపకుండా చూశాను. నేర్పడానికి అలవాటుపడ్డ మనిషికి ఇది కష్టమైన పని. అతను ఆగిన ప్రతి చోటా పుస్తకంలో ఒక గుర్తు పెట్టుకున్నాను. ఎల్ఎం358 దగ్గర చాలాసేపు ఆగి చివరికి అడిగాడు: “అన్నా, ఆరో కాలు, ఏడో కాలు రెండూ కలిపేసి ఉన్నాయి. ఐదో కాలు గ్రౌండ్‌కు పోయింది. ఇంకెక్కడికీ మోగట్లేదు. నేనే తప్పు కొలిచానా?” తప్పేమీ కొలవలేదు. ఆ ఐసీలో రెండు ఆంప్లిఫయర్లున్నాయి, డిజైన్‌కు ఒకటే కావాలి. రెండోది గాలిలో వదిలేస్తే ఊరికే ఊగిసలాడుతుంది కాబట్టి దాన్ని అలా కట్టిపడేస్తారు. వాడకుండా వదిలేసిన గేట్లను, ఆంప్లిఫయర్లను ఎలా కడతారో చెప్పే ఒక విభాగం ఆ ప్రశ్న వల్లే పుస్తకంలో చేరింది. అలాగే బోర్డులో ఉంచి కొలిచిన రెసిస్టర్ విలువ మీద రాసినదాని కంటే తక్కువ చూపితే పక్క దారులు కలవడం వల్ల కావచ్చని, కెపాసిటర్లు డిశ్చార్జయి ఉండి కూడా ఎక్కువ చూపితే మాత్రం ఆ రెసిస్టర్ పోయిందని అనుమానించాలని మరో రెండు వాక్యాలు చేరాయి.

డయాగ్రమ్‌ను సరిచూసే అధ్యాయం బాగుచేసేవాళ్లకు వెంటనే పనికొచ్చేది. ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ నేరుగా గ్రౌండ్‌కు పోయినట్టు, ట్రాన్సిస్టర్ బేసు సప్లైకి రెసిస్టర్ లేకుండా కలిసినట్టు, జీ1 జీ2 ఎక్కడో ఒక్కటైనట్టు కనబడితే కొలతలకు వెనక్కి వెళ్లాలి. ఆ తర్వాతే కరెంటు. ముందు మెయిన్స్ వైపు ముట్టకుండా, బెంచి సప్లై నుంచి 12 వోల్టులను కరెంటు లిమిటు తక్కువలో పెట్టి అవతలి వైపు మాత్రమే ఇచ్చి, 5 వోల్టుల రెగ్యులేటరును, ఆప్టోల అవుట్‌పుట్లను, రిలేలను డయాగ్రమ్‌తో పోల్చి చూడాలి. మెయిన్స్ వైపుకు వచ్చేసరికి మన షాపులన్నిటికీ తెలిసిన సిరీస్ బల్బే (మెయిన్స్ వైరు మధ్యలో పెట్టే బల్బే) మంచి కాపలాదారు. 60 వాట్ల పాత రకం బల్బు సిరీస్‌లో ఉంటే, షార్టున్నప్పుడు బల్బు వెలుగుతుంది గాని మాస్ఫెట్ పేలదు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది, ఎందుకంటే పాత బల్బు చూడని కుర్రవాళ్లు ఇప్పుడు బెంచి దగ్గరికి వస్తున్నారు.

చివరి రూపాన్ని కైక్యాడ్ అనే సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీశాను. అది ఉచితం, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. అన్నిటికంటే, కలవని కాళ్లను అదే ఎత్తిచూపుతుంది. పెన్సిలుతో మిగిలిన విలువల పక్కన డయాగ్రమ్‌లోనూ ప్రశ్నార్థకం ఉంచాను. కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో పార్టు కొనడానికి వెళ్లేవాడు ఆ ప్రశ్నార్థకం చూసి పాత పార్టును కూడా జేబులో వేసుకుని వెళతాడు.

నాలుగు పొరల బోర్డుల గురించి అడిగేవారు ఇప్పటికే ఉన్నారు. వాటిలో లోపలి రెండు పొరలు ఎక్కువగా సప్లైకి, గ్రౌండ్‌కు కేటాయిస్తారు కాబట్టి, బోర్డును బలమైన లైటుకు ఎదురుగా పట్టుకుంటే ట్రాకులు లేనిచోట కూడా వెలుగు రాకుండా నల్లగా కనబడుతుంది. అలాంటి బోర్డులో సిగ్నల్ లైన్లు చాలావరకు బయటి రెండు పొరల్లోనే ఉంటాయి, ఈ పద్ధతి పనిచేస్తుంది. లోపలి పొరల్లో కూడా సిగ్నల్ నడిపిన బోర్డు అయితే కంటితో చూసి రాసే నీలం పెన్ను పనికిరాదు, ప్రతి లైనూ మీటరుతోనే తేలాలి. దాని మీద రాస్తున్న అధ్యాయానికి ఒక డ్రైవ్ కార్డును ఎంచుకుని గ్రౌండ్ వరకు పూర్తి చేశాను. సప్లై లైన్లు ఇంకా సాగుతున్నాయి.